ట్రాలీకి పిట్టగోడ

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8లో చదువుచున్నాము. పడువాడు ఇంటివాడే కానక్కరలేదు. వచ్చిన చుట్టమైనను కావచ్చును.

మన నర్సింహులపేట ప్రాంతమున, ట్రాక్టరుకు ఇన్సూరెన్సు ఉన్నది గదా యని ట్రాలీ నిండ జనమును ఎక్కించి ఉజ్జీవ సభలకు పోవుట చూచుచున్నాము. ఆ కాగితమును ఎన్నడైన చదివించుకొంటిరా? సాధారణముగా అది సేద్యపు పనికి వ్రాసినది. వడ్లు, ఎరువులు మోయవచ్చును. ట్రాలీలో కూర్చున్న తల్లులు, పిల్లలు అందులో లేరు. 1988 మోటారు వాహనముల చట్టము బీమాను తప్పనిసరి చేసినది గాని, ట్రాలీ బోల్తాపడినయెడల కంపెనీవారు, ఈ పనికి మేము ఒప్పుకొనలేదందురు. తరచుగా ఆ పరిహారము తుదకు యజమానుని మీదనే పడును, అతనికున్నది రెండెకరములే.

మంచుదేశములలో చిన్న విమానములకు స్కీలు తొడిగి కొండలలో దిగువారు సహితము, ఆ సంగతి ముందే చెప్పి బీమాలో వ్రాయించుకొందురు.

దేవుడే కాపాడును, బీమా యెందుకందురు కొందరు. పిట్టగోడ కట్టుమన్నది ఆయనే గదా!

బస్సు కిరాయి హెచ్చన్న మాట నిజమే. వచ్చు సభలకు ఇప్పటినుండియే ఇంటింట చందా వేసి బస్సు మాట్లాడుడి. ట్రాక్టరును కల్లమునకు పోనిండి.