హక్కు ఎక్కడ ఉంటుంది?

వస్తువు మీద హక్కు ఆ వస్తువులోనే ఉంటుందా, లేక నలుగురి ఒప్పుదలలోనా? ధర్మశాస్త్రకారులు తరతరాలుగా తర్కించిన ఈ ప్రశ్న ఇప్పుడు ఆఫీసుల్లో పదిమంది కలిసి వాడుకునే ఫోల్డర్లలో మళ్లీ తలెత్తుతోంది.

లినక్స్‌లో ఒక ఫైలుకు 640 అనే అనుమతి ఉందంటే, యజమాని చదవచ్చు, రాయచ్చు. గ్రూపు చదవడంతో సరి. తక్కినవాళ్లకు ప్రవేశమే లేదు. ఫైలులోని రాతలో ఈ అంకె ఎంత వెతికినా దొరకదు. ఐనోడ్ అనే విడి పట్టీలో ఉంటుంది. అక్కడ యజమానికి పేరు కూడా ఉండదు, నంబరే. 1000 నంబరు మనిషి ఫైళ్లున్న డిస్కును మరో లినక్స్ యంత్రానికి తగిలిస్తే, అక్కడ ఆ నంబరు ఎవరిదో వాళ్లే యజమాని అవుతారు. అదే ఫైలు ఫ్యాట్32 పెన్‌డ్రైవులోకి వెళ్తే యజమాని వివరాలు వెంట రావు.

ఒక్క అక్షరం మారలేదు. హక్కు మాత్రం చేతులు మారింది.

ఇంకో సంగతి. ఫైలులో చుక్క కూడా మార్చలేని మనిషి, అది ఉన్న డైరెక్టరీలో ప్రవేశించి రాసే అనుమతి ఉంటే, స్టికీ బిట్ అనే అదనపు కట్టడి అడ్డుపడనంతవరకు ఆ ఫైలునే తొలగించగలడు. ఫైలుకు వేసిన తాళం ఒక్కటే దాన్ని కాపాడలేదు.

ఇక ఆ పాత ప్రశ్నకు వస్తే, కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానం రాసిన విజ్ఞానేశ్వరుడు స్వత్వం, అంటే సొంతదారు హక్కు, లౌకికమని, లోకవ్యవహారం వల్లే తెలుస్తుందని వాదించాడు. తాతల ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు ఉందన్నాడు. తెలుగునాట ఉమ్మడి కుటుంబాలు ఆ దారినే నడిచాయి. లౌకికమైనదాన్ని లోకం సరిదిద్దుకోనూ గలదు: వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కులో కూతుళ్లను కొడుకులతో సమానం చేసింది. పొలం గట్లు ఉన్నచోటే ఉన్నాయి.

అందుకే గొడవ వదిలించుకోవడానికి అన్నిటికీ 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, పెట్టేయడం ఔదార్యం కాదు, నిర్ణయించాల్సినవాళ్లు తప్పుకోవడం. ఉద్యోగి వెళ్లిపోయి ఖాతా తీసేశాక కూడా అతని ఫైళ్లు పాత నంబరు మీదే మిగులుతాయి. ఆ నంబరు కొత్తగా చేరినవాళ్లకు కేటాయిస్తే, అడగకుండానే అవన్నీ వాళ్ల సొత్తవుతాయి. ఖాతా తీసేయకముందే వాటిని ఎవరికి అప్పగించాలో ఆ పని తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాలి. ఐనోడ్‌లో దానికి జవాబు ఉండదు.