రంతిదేవుడు అడగని ప్రశ్న

 

ఈ వారం వీడియోలో రంతిదేవుడి కథ చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక ఒక విషయం వదిలేశాను. నిజానికి ఆ కథ ఎంచుకున్నదే ఆ విషయం కోసం.

చూడనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను. భాగవతం నవమ స్కంధంలో వస్తుంది ఇది. ఉన్నదంతా ఇచ్చేసిన రాజు, కుటుంబంతో సహా 48 రోజులు పస్తున్నాడు. 49వ రోజు పొద్దున కాస్త పాయసం, నీళ్లు దొరికాయి. తినబోతుంటే ఒకరి తర్వాత ఒకరు అతిథులు వచ్చారు. అందరికీ పెట్టాక ఒక్కరికి సరిపడా నీళ్లే మిగిలాయి. అవి కూడా, ఊరు దగ్గరికి రానివ్వని ఒక మనిషి దాహంతో వస్తే ఇచ్చేశాడు. అప్పుడాయన కోరింది మోక్షం కాదు. అందరి లోపలా ఉండి వాళ్ల బాధ తాను పడాలని, వాళ్లకి బాధ లేకుండా పోవాలని కోరుకున్నాడు.

ఒకటి గమనించారా? ఆయన ఎవర్నీ "నీకీ ఆకలి ఎందుకొచ్చింది, పోయిన జన్మలో ఏం చేశావు" అని అడగలేదు.

మా ఫ్రెండ్ వాళ్లమ్మగారికి క్యాన్సర్ అని తెలిసిన వారంలో చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన, "ప్రారబ్ధం అమ్మా, అనుభవించాల్సిందే" అన్నారు. ఓదార్పు అనుకునే అన్నారు పాపం. ఆవిడ అప్పుడేం మాట్లాడలేదు. రాత్రి వంటింట్లో కొడుకుతో "నేనేం పాపం చేశాన్రా" అన్నారట.

కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. కానీ అది నా జీవితాన్ని నేను సరిచూసుకోవడానికి. పక్కవాళ్ల మెడికల్ రిపోర్ట్ మీద తీర్పు రాయడానికి కాదు. ఎదురుగా ఒకరు బాధపడుతుంటే అక్కడ చూడాల్సిన కర్మ నాది, అంటే ఇప్పుడు నేనేం చేస్తున్నాను అన్నది.

మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు అదే చూసుకున్నారు. 1927లో మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టిన మహిళ ఆవిడ. సొంత చెల్లెలు క్యాన్సర్‌తో పోయింది. ఆ దుఃఖాన్ని ఆవిడ వదల్లేదు. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ తరఫున పట్టుబట్టి, 1954లో అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టించారు. మరుసటేడు అక్కడ చేరిన డాక్టర్ వి. శాంత గారు 2021లో కన్నుమూసేదాకా దాన్నే ఇల్లు చేసుకున్నారు. మన హైదరాబాద్‌లో బసవతారకం హాస్పిటల్ వెనక ఉన్నదీ క్యాన్సర్‌తో పోయిన ఒక ఇల్లాలి జ్ఞాపకమే.

మేం అంత పెద్దవాళ్లం కాదు. ఆరు నెలలకి అమ్మగారు వెళ్లిపోయారు. ఐదుగురు ఫ్రెండ్స్‌మి కలిసి ట్రస్టు పెడదామనుకున్నాం. మొదటి మీటింగ్‌లో రెండు గంటలు పేరు గురించి, లోగో గురించే కొట్టుకున్నాం (సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, ముందు లోగో ఉండాలి). చివరికి మావాడే అన్నాడు: "అమ్మ ట్రీట్‌మెంట్‌లో నాకు లోటనిపించింది మందులు కాదురా. రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఏ కాగితం ఎవరి దగ్గర సంతకం పెట్టించాలి అన్నది."

నిజమే. రేడియేషన్ రోజుకి కొన్ని నిమిషాలే. కానీ సాధారణంగా వారానికి ఐదు రోజులు, వారాల తరబడి ఉంటుంది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చినవాళ్లు అన్నాళ్లు ఎక్కడుంటారు? ఆరోగ్యశ్రీలో చికిత్స అయినా, గది అద్దె, తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారు? చికిత్సకి వెళ్లే క్యాన్సర్ పేషెంట్లకి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తి రాయితీ. తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం. హాస్పిటల్ ఇచ్చే ఫారం ఉంటే చాలు. ఇది తెలియక డబ్బు పెట్టి వచ్చేవాళ్లు ఎంతమందో!

మొదట్లో మేం చేసింది భోజనం ప్యాకెట్లు పంచడం. ఇన్‌స్టాలో పెడదామని ఫోన్ ఎత్తగానే, లైన్లో ఒకావిడ చప్పున కొంగు తలమీదకి లాక్కుంది. జుట్టంతా ఊడిపోయింది ఆవిడకి. అందరం చూశాం. ఎవరం ఏం మాట్లాడలేదు.

ఆ రాత్రి గీత 17వ అధ్యాయం మళ్లీ తీశాను. ప్రతిఫలం కోసం ఇచ్చేది రాజస దానం అని తెలుసు. 80జీ రసీదు, లైకులు అందులోకే వస్తాయేమో అని నవ్వుకునేవాణ్ని. కానీ ఆ తర్వాతి శ్లోకం నేనెప్పుడూ సరిగ్గా చదవలేదు. గౌరవం లేకుండా, చులకనగా ఇచ్చేది తామసమట. మేం ఇచ్చింది మంచి భోజనమే. ఇచ్చిన తీరు అది.

ఫోటోలు ఆపేశాం. విరాళాలు తగ్గాయి, అది కూడా నిజమే. ఇప్పుడు శనివారాలు ఒక టేబుల్ వేసుకుని ఫారాలు నింపిపెడతాం, చవకగా దొరికే గదుల లిస్టు ఇస్తాం, ప్లేట్‌లెట్స్ కావాలంటే దాతల్ని పిలుస్తాం. ప్లేట్‌లెట్స్ ఇవ్వడానికి గంట, గంటన్నర పడుతుంది, అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులో పేరు రాయించుకోండి.

మొన్న శనివారం ఒకాయన భార్య ఫైల్ నా ముందు పెట్టి, "మీరు దేవుడి గురించి చెప్తారంట కదా బాబూ, మాకే ఎందుకిలా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫారం ఆయన వైపు తిప్పి, "ఏ ఊరు వెళ్లాలి బాబాయ్, అమ్మకి కింది బెర్త్ రాయమంటారా?" అని అడిగాను.