దానమా, ఋణమా?

మహిళా సమాజముల సేవను మనవారు సాధారణముగా దానధర్మముల పద్దులో చేర్చుదురు. చేర్చిన వెంటనే, చందా పుస్తకమును, వార్షిక నివేదికయు, వేదికపై పూలదండయు గల సేవ నిష్కామమెట్లగునను శంక పుట్టును. శంక నిరాధారము కాదు. ప్రత్యుపకారము చేయజాలనివానికి ఇచ్చునది సాత్త్వికమనియు, ఫలము గోరి ఇచ్చునది రాజసమనియు, అవమానించుచు ఇచ్చునది తామసమనియు గీత పదునేడవ అధ్యాయమున విభజన కలదు. వీనిలో మొదటి రెంటిని గూర్చి జరిగినంత చర్చ మూడవదానిని గూర్చి జరుగలేదని నాకు తోచును. కీర్తికాంక్ష దాత మనస్సునే మలినపరచును. తిరస్కారమన్ననో, పుచ్చుకొనువారి ఆత్మగౌరవమునే హరించును.

ఈ దృష్టితో ఆంధ్ర మహిళా సభ చరిత్రను పరిశీలింపవలెను. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగిన దుర్గాబాయమ్మ, చదువు లేమిచేత తమ పక్షమున తామే మాటాడుకొనజాలక శిక్ష ననుభవించుచున్న స్త్రీల నచట చూచి, విడుదలయైన పిదప ఆగిపోయిన తన చదువును తిరిగి చేపట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలై, 1937లో మదరాసున సభను స్థాపించి, ఆ పరీక్షకే ఇతర స్త్రీలను సిద్ధపరచెను. మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొని వచ్చి, పసుపు మరక వదలని వ్రేళ్లతో భిన్నాంకముల లెక్క వేసి, తప్పగా చెరిపి, మరల వేయుచున్న గృహిణికి, ఎదుట నిలిచి పాఠము చెప్పునామెయు చిన్నతనము దాటిన పిమ్మటనే ఈ లెక్కలతో కుస్తీ పట్టినదని తెలిసినచో, తలవంపులకు తావెక్కడిది?

కావున ఈ సేవను దానమనుటకంటె ఋణవిమోచనమనుట యుక్తము. మన ధర్మమున ఋషిఋణమును ఋషికే మరల చెల్లింపరు. అధ్యయనము చేసి, నేర్చినదానిని శిష్యునకు నేర్పి తీర్తురు. పితృఋణమునకు తీరువ సంతానమే. అట్లే సభలో చదువుకొని ఉపాధ్యాయిని యైన స్త్రీ, తనకు చదువు చెప్పినవారికి ఏమియు తిరిగి ఈయదు. మరియొక గ్రామమున మరియొక బాలికకు ఇచ్చును. గీత కోరిన నియమమునకు భంగము లేదు, పుచ్చుకొన్నామెకు దైన్యమును లేదు.

ఏ లోటు నెరుగని సంపన్నురాలు ఎవరికి ఋణపడినదని కొందరడుగవచ్చును. బడి మొగమెరుగక, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చెంత అక్షరములు నేర్చిన భండారు అచ్చమాంబ, 1902లో బందరున బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పుటలో పాలుపంచుకొనెను. ఆమెవంటివారు నిందలకోర్చి తెరచిన త్రోవలోనే నేటి చదువరులందరును నడచుచున్నారు. ఆ ఋణము ధనముండుటచేత తగ్గదు సరికదా, తీరిక గలవారికి మరింత హెచ్చును.

ఇచ్చుటయు సిగ్గుతోనే ఈయవలెనని తైత్తిరీయమున గురువు శిష్యునకు చేసిన ఉపదేశము ఈ భావమునకు సన్నిహితమైనది: అప్పు తీర్చుకొనువాడు గర్వముతో ఈయడు గదా! కాని చీరలు పంచిపెట్టుచు, పుచ్చుకొనువారిని వరుసగా నిలిపి ఛాయాచిత్రములు తీయించు ఆచారము మన సమాజములలో కొన్నింట పాతుకొనినది. ఆ చిత్రమున తలవంచి నిలిచిన యామెను ముందుగా ఎవరైనను అనుమతి అడిగిరా?