నష్టం ఎవరి ఖాతాలో?

ఆర్టీసీ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: "సంస్థ నష్టాల్లో వుంది." అధికారంలో వున్నవారూ ఈ మాటే అంటారు, ప్రతిపక్షాలూ ఇదే అంటాయి. కాని నష్టమంటే ఏమిటో చెప్పవలసిన అవసరం వుందని ఎవరూ అనుకోరు. అది గుమాస్తాలు తేల్చే లెక్క అని వారి నమ్మకం. నాకు మాత్రం అది ముందు నీతికి సంబంధించిన ప్రశ్న. ఆ తర్వాతే లెక్క.

చరిత్రను కొంచెం గుర్తు చేసుకుందాం. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖగా, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఈ రవాణా మొదలయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లాలో ప్రయివేటు యజమానుల చేతుల్లో వున్న మార్గాలను స్వాధీనం చేసుకోబోతే, వారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. విచారణ జరిపినవారొకరు, నిర్ణయించినవారు మరొకరు కావడం న్యాయం కాదని కోర్టు ఆ ఏడాదే మొదటి పథకాన్ని కొట్టివేసింది. న్యాయసూత్రం సంగతి అలా వుంచి, ఇందులో మరొక పాఠం వుంది. లాభం వున్న మార్గం కోసమే అంత దూరం పోరాడతారు. గిట్టని మార్గం కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కే యజమాని వుంటాడా?

ఈ సంస్థలకు ఆధారమైన 1950 నాటి చట్టంలోనే చిక్కు వుంది. ప్రజలకు చాలినంత, సక్రమమైన రవాణాను సమకూర్చడం సంస్థ విధి అని 18వ సెక్షను చెబుతుంది. వ్యాపార సూత్రాల ప్రకారం నడుచుకోవాలని 22వ సెక్షను చెబుతుంది. పట్నం మార్గంలో రెండూ కలిసి నడుస్తాయి. రాత్రి ఆఖరి ట్రిప్పులో, సగం సీట్లు ఖాళీగా, మారుమూల పల్లెకు వెళ్ళే బస్సులో అవి విడిపోతాయి. అక్కడ దేనిని పాటించాలన్నదే మన ప్రశ్న.

"పట్నంలో టిక్కెట్టు కొన్నవాడు పల్లెవాడి ప్రయాణానికి ఎందుకు చెల్లించాలి?" అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది. కాని కాలేజీని, పెద్దాసుపత్రిని, కచేరీని పట్నంలో పెట్టింది పల్లెవాడు కాదు. అందరి డబ్బుతో కట్టిన వాటిని ఒకచోట పెట్టిన సమాజం, దూరాన వున్నవారిని అక్కడికి చేర్చే బాధ్యతను కూడా నెత్తిన వేసుకున్నట్టే. బస్సు అందని కాలేజీ సగం కట్టిన కాలేజీ. కనుక పల్లెవెలుగు బస్సు దానం కాదు. ఇచ్చిన మాటలో మిగిలిన సగం. మాట నిలబెట్టుకోవడానికయ్యే ఖర్చును నష్టమనడం భాషలోనే జరిగిన అన్యాయం.

ఐతే ఇంతటితో ఆగితే మన వాదం సోమరి వాదమవుతుంది. సేవ పేరు చెప్పి దుబారాను, అసమర్థతను కప్పిపుచ్చడానికి వీల్లేదు. అంతకన్నా ముఖ్యం, ఆ సేవ ఖర్చు ఎవరు మోయాలన్న విషయం. 2019 అక్టోబరు 5న తెలంగాణలో దాదాపు 48 వేల మంది కార్మికులు సమ్మెకు దిగారు. 52 రోజుల తర్వాత, ప్రభుత్వంలో విలీనం అన్న ప్రధానమైన కోరిక తీరకుండానే సమ్మె ముగిసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి సిబ్బందిని ప్రభుత్వంలో కలుపుకున్నారు. అక్కడ ఒక్క రాత్రిలో బస్సులు మారలేదు, మార్గాలు మారలేదు. జీతాలు ఒక పుస్తకంలోంచి మరొక పుస్తకంలోకి మారాయి. నష్టమన్నది ఎంతవరకు వాస్తవమో, ఎంతవరకు పద్దు రాసే పద్ధతో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్త్రీల ఉచిత ప్రయాణాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న అది ప్రారంభమయింది. కూలికి వెళ్ళే స్త్రీకి రానుపోను చార్జీ మిగలడం చిన్న విషయం కాదు; పుట్టింటికి వెళ్ళడానికి మరొకరిని డబ్బు అడగనక్కరలేకపోవడం అంతకన్నా చిన్నది కాదు. నేను దీన్ని మనసారా సమర్థిస్తాను. కాని చార్జీ లేకపోయినంత మాత్రాన ఖర్చు లేకపోదు. ఖజానా ఆ సొమ్మును సకాలంలో చెల్లించకపోతే, జనం పెరిగినా బస్సులు పెరగకపోతే, ఆ ఔదార్యానికి మూల్యం చెల్లించేది కండక్టరు ఓపిక, డ్రైవరు ఆరోగ్యం, ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడి ప్రాణం. ఒకరు ఆజ్ఞాపించి మరొకరి చేత మోయించేది ఔదార్యం కాదు.

ఒక మార్గాన్ని రద్దు చేసే ముందు వసూలు ఎంత అని ఒక్కటే అడగడం చాలదు. ఈ బస్సు ఆగితే ఎవరి చదువు ఆగుతుంది, ఎవరి వైద్యం ఆగుతుంది అని కూడా అడగాలి. ఆ రెండవ లెక్కకు ఇంకా ఎవరూ పద్దు పుస్తకం తెరవలేదు. అది తెరిచేదాకా సంస్థ నష్టాల్లో వుందన్న మాటను పూర్తి సత్యంగా నేను అంగీకరించలేను.