వీరసన్మానము

సన్మానమునకు విలువ ఇచ్చువానివలన గలుగునా, పుచ్చుకొనువానివలన గలుగునా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగ దోచును. పూలదండ వేసినవాడు ఇంటికి బోయి సుఖముగ నిద్రించును. వేయించుకొన్నవాడు, ఆ దండ వాడిన పిమ్మట, ఏమి తిని బ్రదుకుచున్నాడో విచారించువా రరుదు. కవుల విషయమునను, పండితుల విషయమునను ఇది మనము నిత్యము చూచుచున్నదే. యుద్ధమున బ్రాణము లొడ్డి బిరుదములు గాంచిన సైనికుని విషయమున నీ ప్రశ్న మరింత తీక్ష్ణమగును. ఏలయన, ఆతడు సమర్పించినది విద్య కాదు, వినోదము కాదు, దేహము.

ఒక నిజమైన చరితమును దీసికొని విచారింతము. ఉమ్రావ్ సింగు 1920వ సంవత్సరమున, నేడు హర్యానా రాష్ట్రములోని ఝజ్జర్ జిల్లాలో నున్న పల్రా గ్రామమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున నాతడు భారత ఫిరంగిదళములో హవల్దారు. 1944 డిసెంబరు 15, 16 తేదీలలో, బర్మాదేశమందలి కలదాన్ లోయలో, ముందువరుసనున్న ఫిరంగుల నాతడు నడపుచుండెను. జపానీయులు 90 నిమిషములు గుండ్లవాన గురిపించి, పిమ్మట కాల్బలమును బంపిరి. ఆతడు మరతుపాకితో వారి నెదిర్చుచు, తోడివారి తుపాకులకు గురి జెప్పుచు నిలిచెను. చేతిబాంబులవలన గాయపడియు వెనుదీయలేదు. తూటాలు నిండుకొన్న పిదప, ఫిరంగిపనికి వాడు దండము నొకదానిని జేతబట్టి శత్రువులపై కురికెను. ఆరు గంటల తరువాత దనవారు వచ్చి చూడగా, ఏడు తీవ్రమైన గాయములతో, ఆనవాలు పట్టరాని స్థితిలో, ఫిరంగి ప్రక్కన బడియుండెను. చుట్టును పదిమంది శత్రువుల శవము లుండెను. ఆతడు కాచిన ఫిరంగి ఆనాడే మరల బ్రేలెను. 1945లో ఆరవ జార్జి చక్రవర్తి లండనునందలి తన మందిరమున స్వహస్తముతో నాతనికి విక్టోరియా క్రాసు నొసగెను. బ్రిటిషు సైన్యమున నంతకు మించిన శౌర్యచిహ్నము లేదు.

కథ ఇచట ముగిసినయెడల మనకు సంతోషముగ నుండును. వీరకథలను మన మిచటనే ముగించుచుందుము గూడ. కాని ఉమ్రావ్ సింగు మరి 60 ఏండ్లు జీవించెను. సైన్యమునుండి విరమించిన పిదప స్వగ్రామము జేరి, కొలది భూమిని సాగుచేసికొని బ్రదికెను. విక్టోరియా క్రాసులను సేకరించు ధనికులు లోకమున గలరు. ఆతని పతకమునకు పెద్ద మొత్తము లిచ్చెదమని యడిగిన వారుండిరి. ఇంట గలిమి లేకున్నను ఆతడు సమ్మతింపలేదు. దాని నమ్ముట రణమున గూలిన తోడివారి కళంకపరచుటయే యని యాతని భావము. అయినను, 1995లో యుద్ధాంతమునకు 50 ఏండ్లు నిండిన సందర్భమున లండనుకు బోయినపుడు, ఆనాటి ప్రధానమంత్రి జాన్ మేజరుతో, ఈ పతకము గలవారి కిచ్చు వార్షికభృతి యెంత స్వల్పమో నిర్భయముగ జెప్పెను. ఆ భృతి యనేక వత్సరములుగ గదలక యుండెను. ఆ సంవత్సరమున నది 1300 పౌనులకు బెరిగెను.

ఈ రెండు కార్యములు పరస్పరవిరుద్ధములని కొందరు తలంపవచ్చును. ధనమునకై పతకము నమ్మనివాడు ధనమునకై నోరు తెరచి యడుగుట యేమి? వీరుడు యాచింపవచ్చునా? మా యభిప్రాయమున నిచట విరోధము లేదు. పైగా ఆ రెంటికిని మూలము ఒక్కటే. వెల వేరు, ఋణము వేరు. పతకము నమ్మినచో, వెలలేనిదానికి వెల గట్టినట్లగును. భృతి నడుగుటలో వెల గట్టుట లేదు. బాకీపడినవానికి దన లెక్కను జ్ఞాపకము చేయుట మాత్రమే కలదు. తల్లి తన ప్రేమను విక్రయింపదు; అయినను ముదిమియందు గుమారు డన్నము పెట్టకున్నచో నడుగుట కామెకు హక్కు గలదు. అడిగిన తల్లిని లోభియని యెవ్వరందురు? అడిగించుకొన్న కుమారుడే తలవంచుకొనవలయును.

ఇది క్రొత్త ధర్మము కాదు. భారతమున సభాపర్వమునందు నారదుడు ధర్మరాజును రాజ్యపాలనమునుగూర్చి పెక్కు ప్రశ్న లడుగును. నీకొరకై ప్రాణములు విడిచినవారి భార్యలను, ఆపదపాలైనవారి కుటుంబములను బోషించుచున్నావా యనునది వానిలో నొకటి. వారికి స్తంభములు నాటించితివా యని మహర్షి యడుగలేదు. మన తెలుగునాట నూళ్ల పొలిమేరలలో వీరగల్లులు నేటికిని గానవచ్చును. పసులమందలను గాచుచు, ఊరిని గాచుచు గూలినవారికై నిలిపిన రాళ్లవి. అట్టి శాసనములు కొన్నింటిలో, చనిపోయినవాని వారి కిచ్చిన భూమియు జెప్పబడియున్నది. మన పూర్వులు రాతితో బాటు చేనునుగూడ నిచ్చిరి. రాయి కీర్తికి, చేను కడుపునకు. మనము రాతిని మాత్రము నిలుపుకొని చేనును మరచితిమి.

ఇక నొక గట్టి యాక్షేపణము గలదు. యుద్ధము మహాపాపమని నమ్మినవారు యోధు నెట్లు గౌరవింతురు? అందును, పరప్రభుత్వపు సేనలో బోరాడినవానిని స్వతంత్రభారత మేల గౌరవింపవలయును? ఈ యాక్షేపణమును దేలికగ ద్రోసివేయరాదు. కాని యుద్ధమును నిర్ణయించునది రాజధానులలోని సభలు. దాని భారమును మోయునది పల్రా వంటి పల్లెలలోని కృషీవలుని కుమారుడు. నిర్ణయపు దోషమును మోసినవానిపై నెట్టుట న్యాయము కాదు. భారతప్రభుత్వము 1983లో నాతనికి పద్మభూషణ బిరుద మిచ్చుటలో నీ వివేకమే కానవచ్చుచున్నది.

అంతేకాదు, యుద్ధమును ద్వేషించువారే యోధుని మాట నధికముగ వినవలయును. అమెరికాలో నాడీ మర్ఫీ యను కౌలురైతు కొడుకుండెను. 1945 జనవరి 26న, ఫ్రాన్సులో, మండుచున్న యుద్ధశకటముపై కెక్కి, ఒక గంటసేపు ఒంటరిగ మరతుపాకితో జర్మనుల నాపి, ఆ దేశపు సర్వోన్నతపతకమును బొందెను. పిదప చలనచిత్రములలో నటుడై సర్వజనులకు బ్రియు డయ్యెను. కాని రాత్రులయందు పీడకలలు విడువక, తలగడక్రింద దుపాకి నుంచుకొని పరుండెడివాడు. ఈ సంగతిని దాచక, కొరియా, వియత్నాము యుద్ధములనుండి తిరిగివచ్చిన వారికి జికిత్స కావలయునని బహిరంగముగ జెప్పెను. 1971లో విమానప్రమాదమున మరణించెను. ఆర్లింగ్టను శ్మశానమున నట్టి పతకము గలవారి సమాధిశిలలపై బంగారుపూత వేయుట యాచారము. ఆతని శిల మాత్రము, ఆతని కోరికమేరకు, సామాన్యసైనికుని శిలవలె నున్నది. వీరుల నోట గాయముల కథ వినుటకు జనులకు వేడుక; ఆ గాయము మానలేదని చెప్పిననాడు విన నోపిక యుండదు. ఇట్టి ప్రీతి సన్మానము కాదు. ఇది వీరుని నోరు మూయించు పట్టుగుడ్డ.

కావున, సన్మానమును బరీక్షించుట కొక సులభోపాయము గలదు. దానివలన నిచ్చువాని కేమి వ్యయమయ్యెను? ధనము గాని, కాలము గాని, వినువాని యోపిక గాని, ఏదియు వ్యయము కానిచో, ఆ సన్మానము మనకు మనము చేసికొన్నదే. ఉమ్రావ్ సింగు 2005 నవంబరు 21న మరణించినపుడు సైనికలాంఛనములతో నంత్యక్రియలు జరిగినవి. అది యుచితమే. కాని లాంఛనముల తుపాకులు శవమునకు వినబడవు. జీవించియున్న ముదుసలి సిపాయికి మాత్రము మన మాట వినబడును. మన యూరను, మన వీధిని అట్టివా డొకడైన నుండవచ్చును. లేకున్నచో వాని వితంతు వుండవచ్చును. ఆమె భృతికాగితము ఏ కచేరీబల్లపై నిలిచియున్నదో కనుగొని, చదువెరిగిన మన పిల్లవా డొకడు వెంట బోయి వ్రాసిపెట్టినచో, అది రాతివిగ్రహమునకన్న మిన్నయైన వీరపూజ యగును. విగ్రహములకు బిదప చందాలు పోగుచేయవచ్చును.