దక్షిణా? కమీషనా?

ఇల్లు అమ్మిపెట్టమని అడిగితే, పని మొదలుపెట్టకముందే కొంత సొమ్ము చేతిలో పెట్టమనే ఏజెంటు మీద హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ముందు కలిగేది అనుమానమే. బేరం కుదిరాక ఒక శాతమో రెండు శాతమో ఇవ్వడం, కుదరకపోతే ఏమీ ఇవ్వకపోవడం మన అలవాటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ కూడా ఈ అలవాటు వైపే ఉంది: వేరే ఒప్పందం లేనప్పుడు, అప్పగించిన పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదు. వేరే ఒప్పందం చేసుకుంటే మాత్రం చట్టం అడ్డు రాదు. అంటే ముందస్తు రుసుము ధర్మమా కాదా అన్నది మనకే వదిలేసింది. మనిషికి ఇవ్వాల్సింది పడ్డ శ్రమకా, చేతికొచ్చిన ఫలితానికా?

ఈ చిక్కుముడిని మన దగ్గర అందరికంటే ఓపికగా విప్పినవాళ్లు వేదకర్మల విధులను తర్కించిన మీమాంసకులు. యజ్ఞానికి ఖర్చు పెట్టేది యజమాని, ఒళ్లు వంచి చేసేది ఋత్విక్కులు. మరి ఫలం ఎవరిది? దక్షిణ ఇచ్చి వాళ్ల పనిని కొనుక్కున్నాడు గనుక యజమానిదేనని వాళ్ల మూలగ్రంథమైన జైమిని సూత్రాల మూడో అధ్యాయం తేల్చింది. ఈ తీర్పుకు రెండో అంచు కూడా ఉంది. ఫలంలో ఋత్విక్కుకు వాటా లేనప్పుడు, ఫలం రాలేదన్న సాకుతో దక్షిణ ఎగ్గొట్టే హక్కు యజమానికి ఎక్కడిది? వాన కోసం కారీరీష్టి చేయించాక చినుకు పడకపోయినా హోమం చేసినవాడి శ్రమ జరిగిపోయింది. ఇస్లామిక్ ధర్మశాస్త్రం రెండు పద్ధతులకూ రెండు వేర్వేరు ఒప్పందాలే పెట్టింది: పనిని కూలికి తీసుకుంటే ఇజారా, ఫలితానికి బహుమానం ప్రకటిస్తే జుఆలా. పోయిన రాజపాత్రను తెచ్చినవాడికి ఒంటె మోసేంత ధాన్యం ఇస్తామని ఖురాన్ యూసుఫ్ సూరాలో వినిపించే ప్రకటనను జుఆలాకు ఆధారంగా చూపుతారు. రెండూ ధర్మసమ్మతమే. మన బ్రోకరు కమీషను రెండో రకానికి దగ్గర. అది తప్పు కాదు గానీ, సలహా చెప్పాల్సినవాడికి ఆ పద్ధతి సరిపడదని నా వాదన.

ఎందుకంటే బేరం కుదిరితేనే తిండి దొరికే మనిషి “ఇప్పుడు అమ్మకండి” అనలేడు. వకీళ్ల విషయంలో ఈ ప్రమాదాన్ని మన దేశం ఎప్పుడో గుర్తించింది. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తాయి. ఇళ్ల బేరంలో ఆ ప్రమాదం ఎంతో షికాగో పరిసరాల్లోని అమ్మకాలను పరిశీలించి లెవిట్, సివర్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో లెక్కగట్టారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అలాంటివే అయిన ఖాతాదారుల ఇళ్లకంటే 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారు, అందుకోసం సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు. మన లెక్కల్లో చెప్పుకుంటే, ఇంకాస్త ఆగితే యజమానికి లక్ష రూపాయలు కలిసొస్తాయనుకుందాం. రెండు శాతం చొప్పున బ్రోకరుకు దక్కేది రెండు వేలు. దానికోసం అతను వారాల తరబడి ఎందుకు తిరుగుతాడు? పైగా కుదరని బేరాల కోసం తిరిగిన తిరుగుడుకు పెట్రోలు ఖర్చు ఎక్కడో రాబట్టుకోవాలి. అది బేరం కుదిరినవాడి కమీషన్లోంచే వస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. డబ్బు ముందే ముట్టినవాడు కదలడు. నిజమే, షికాగో ఏజెంటును తొందరపెట్టిన స్వార్థమే రుసుము పుచ్చుకున్న ఏజెంటును బద్ధకస్తుణ్ణి చేయగలదు. అయితే దక్షిణ కూడా ఎప్పుడూ షరతుల్లేని దానం కాదు. మధ్యలో పని వదిలేసిన ఋత్విక్కుకు చేసినంత పనికే వాటా ఇమ్మంటుంది మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం (పనివాళ్ల మీద ఆ గ్రంథానికి పెద్ద దయ లేదన్నది వేరే సంగతి). అదే పద్ధతిలో రుసుము దేనికో కాగితం మీద ఉండాలి: ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయడం, లింకు డాక్యుమెంట్లు చూపించడం, ధర అంచనా వేయడం, కొనేవాళ్లను తెచ్చి ఇల్లు చూపించడం. చేయని పనికి సొమ్ము వెనక్కి రావాలి. “నెలలోపు అమ్మిపెడతా” అన్న ఆశకు మాత్రం ధర కట్టకూడదు. అది ఎవరి చేతిలోనూ లేని సరుకు. ఇక చేతిలో రూపాయి లేక ఇల్లు అమ్ముకునేవాడి మాటేమిటి? అతనికి కమీషను పద్ధతే దయగలది, అది ఉండాల్సిందే. ఫలాపేక్ష లేకుండా పని చేయమని గీత చెప్పలేదా అని బ్రోకరును ఎద్దేవా చేసేవాళ్లూ ఉంటారు. ఆ మాట పనిచేసేవాడి మనసుకు చెప్పింది, పని చేయించుకునేవాడి జేబుకు కాదు.

నాకు అసలు చిక్కు మరోచోట కనిపిస్తుంది. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం తన కింద రిజిస్టరైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు జరిపే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. పాత ఇల్లు ఒకరి నుంచి ఒకరికి మారే బేరానికి ఆ కట్టుబాటు లేదు. అక్కడ అమ్మేవాడి దగ్గరా, కొనేవాడి దగ్గరా కమీషను తీసుకోవడం మామూలైపోయింది. ముందస్తు రుసుము అడిగే ఏజెంటు ఈ రెండో చెయ్యి చాచడం మానుకోవాలి. ఇద్దరు యజమానులు పోటీపడే యజ్ఞంలో ఇద్దరి దగ్గరా దక్షిణ పుచ్చుకున్న ఋత్విక్కు ఎవరి పేరిట సంకల్పం చెబుతాడు?