ఎంచేవాడు లేని ఎంపిక

పాపికొండల వెంబడి కోయ, కొండరెడ్డి గూడేల్లో కొడవలికణ రక్తహీనత తరాలుగా ఉన్న జబ్బు. ప్రకృతివరణం, అంటే ప్రకృతి చేసే ఎంపిక, మనిషి ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ అరుదు. పోలవరం మన్యంలో రక్తపరీక్షలు చేసే నర్సమ్మకూ, జీవశాస్త్రం చెప్పే మాస్టారికీ మధ్య సంవాదంగా దీన్ని చూడవచ్చు.

పరీక్ష చిన్నదే. గాజు గొట్టంలోని ద్రవంలో రక్తపు చుక్క కలిపి, వెనక నల్లగీతల కాగితం పెడతారు. గీతలు కనిపిస్తే ఫరవాలేదు. ద్రవం మసకబారి గీతలు కనబడకపోతే ఆ జబ్బు తెచ్చే జన్యువు ఉన్నట్టు. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందా, ఇద్దరి నుంచీ వచ్చిందా అన్నది మరో పరీక్ష తేల్చాలి.

“పనికిరానిదాన్ని ప్రకృతి ఏరిపారేస్తుందంటారు గదండీ. పసిపిల్లల్ని ఒళ్లునొప్పులతో ఏడిపించే దీన్ని ఎందుకు ఉంచిందండీ?” అని నర్సమ్మ ప్రశ్న.

“పనికిరానిదని ఎలా అంటామమ్మా? ఇద్దరి నుంచీ వస్తేనే ఆ జబ్బు. ఒకరి నుంచే వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు, పైగా ఫాల్సిపేరం మలేరియా అతన్ని అంత తేలిగ్గా చంపలేదు. రక్తకణాలకూ మలేరియాకూ ఇలాంటి లంకె ఉండొచ్చని 1949లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఊహించాడు. కొడవలికణాల విషయంలో 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. దోమలున్న అడవిలో ఆ మార్పును ఒకరి నుంచే అందుకున్న పిల్లలు ఎక్కువమంది బతికి, పెద్దయి, పిల్లల్ని కన్నారు.”

నర్సమ్మ అసలు అభ్యంతరం వేరు. “ఎంపిక అన్నాక ఎంచేవాడు ఉండాలి గదండీ.”

“వరదొచ్చి పది రోజులు చేను మునిగిందనుకో. కుళ్లినవి పోగా తట్టుకున్న మొక్కల గింజే మరుసటేటికి విత్తనం. గోదారి ఏ మొక్కనైనా చూసి ఎంచిందా?”

“లేదండి.”

“తట్టుకునే గుణం వరద వచ్చాక పుట్టిందా?”

“ముందే కొన్నింటిలో ఉండుంటుందండి.”

“ఆ తేడా ముందు, వడపోత తరవాత. తేడా పుట్టడానికి ఉద్దేశం లేదు, వడపోతకూ లేదు. ఎంపిక అనే మాట మన సౌకర్యం కోసం పెట్టుకున్నదమ్మా.”

“నిజమేనండి,” అని నర్సమ్మ ఒప్పుకుంటుంది.

ఇక్కడ మాట పోలవరం ప్రాజెక్టు నిర్వాసితుల కాలనీల వైపు మళ్లుతుంది. గూడెం వదిలి వచ్చినవాళ్లకు అడవి, వేట, ఏటిగట్టు పోయాయని నర్సమ్మ బాధ. అది జీవశాస్త్రం తీర్చేది కాదని మాస్టారు ఒప్పుకుంటారు. కానీ జన్యువు కూడా వాళ్లతో కాలనీకి వచ్చింది. మలేరియా లేనిచోట దానివల్ల లాభం లేదు, నష్టం మాత్రం అలాగే ఉంది.

“అయితే దానంతటదే పోతుందాండీ?”

“త్వరగా పోదమ్మా. ఒకరి నుంచే అందుకున్నవాళ్లలో దాగి ఉంటుంది. అలాంటి ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం, సగం వంతు మళ్లీ దాగి ఉండే అవకాశం. దాగినంతకాలం వడపోతకు చిక్కదు.”